దుడుకు బిడ్డలు – ఇంటివారి కర్తవ్యము



“మొక్కయి వంగనిది మ్రానయి వంగునా” యను సామెత మన యిండ్లలో తరతరములుగా వినబడుచున్నది. పసితనపు అల్లరి పదమూడు పదునాలుగేండ్ల ప్రాయమున దౌర్జన్యముగా ముదిరి, కొడుకు తల్లిపై చేయెత్తు దినము వచ్చినప్పుడు, చుట్టములు ఈ సామెతనే చెప్పి “నీ ఖర్మం, ఏం చేస్తాం” అని లేచిపోవుదురు. కొందరు “నాలుగు తగిలిస్తే వాడే దారికి వస్తాడు” అందురు. మరికొందరు “ఎక్కడనైనా హాస్టల్లో పడేయండి” అని సలహా యిత్తురు. ఆ తల్లి మాత్రము ఎవరికిని చెప్పుకొనలేక, బయట తెలిసిన పరువు పోవునని తలుపులు మూసికొని కుములుచుండును.

కౌమారమున దుడుకుతనము ముదిరిన బిడ్డను బాగుచేయు మార్గము కలదా? ఈ ప్రశ్నపై అమెరికా, ఇంగ్లండు మున్నగు దేశములందు అనేక సంవత్సరములుగా పరిశోధనలు జరిగినవి. వానివలన తేలిన సంగతులను మా పాఠకురాండ్ర యెదుట ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము. సారాంశమును ముందుగనే చెప్పెదము. మ్రానయినను వంగవచ్చును, కాని కొట్టుటచేత గాదు, బెదరించుటచేత గాదు, దూరముగా తోలివేయుటచేత గాదు. బిడ్డకును ఇంటివారికిని నడుమ దినదినము జరుగు వ్యవహారమును మార్చుటయే ఇందుకు ముఖ్యమైన చికిత్స.

ఏది అల్లరి? ఏది రుగ్మత?

ఎదుగు ప్రాయమున కోపము, ఎదురుచెప్పుట, గది తలుపు ధడాలున వేసికొనుట సహజములు. వానిని చూచి కంగారుపడ నక్కరలేదు. వైద్యులు “కాండక్ట్ డిజార్డర్” అని పిలుచు ప్రవర్తనా రుగ్మత వేరు. అమెరికా మానసిక వైద్యుల సంఘమువారు 2013లో ప్రకటించిన రోగలక్షణ గ్రంథమున దీనికి 15 లక్షణములు చెప్పబడినవి. అవి నాలుగు తెగలు: మనుష్యులను, జంతువులను హింసించుట, వస్తువులను ధ్వంసము చేయుట, మోసము, దొంగతనము, ఇంటికిని బడికిని సంబంధించిన ముఖ్యమైన కట్టుబాట్లను మీరుట. గడచిన 12 నెలలలో వీనిలో మూడైనను కనబడి, వానిలో ఒకటియైనను కడపటి 6 నెలలలో ఉండి, దానివలన చదువు, సంసారము, స్నేహములు చెడుచున్నప్పుడే దానిని రుగ్మత యందురు. ఇది మగబిడ్డలలో హెచ్చుగా కనబడినను ఆడబిడ్డలకును కలుగును.

మరియొక భేదమును తెలిసికొనవలెను. న్యూజిలాండు దేశమున డ్యునీడిన్ నగరమందు 1972–73లో జన్మించిన 1037 మంది శిశువులను పరిశోధకులు పెద్దవారగువరకు వెంబడించి పరీక్షించిరి. ఆ పరిశోధనలో పాల్గొన్న టెర్రీ మాఫిట్ అను విదుషి 1993లో దుడుకు బిడ్డలను రెండు విధములుగా విభజించి చూపినది. పసితనమునుండియే దౌర్జన్యము కనబరచువారు కొందరు; కౌమారమున సహవాసమువలన దారి తప్పి, ప్రాయము వచ్చినకొలది చాలవరకు సర్దుకొనువారు అంతకంటె పెక్కుమంది. కావున ఒక్క సంవత్సరపు దుష్ప్రవర్తనను జూచి “వీడి బ్రతుకింతే” అని ముద్రవేయుట న్యాయము కాదు. అట్లని చిన్ననాటినుండి వచ్చుచున్న దానిని “పెద్దైతే అదే పోతుంది” అని ఉపేక్షించుటయు తగదు.

కలహము ఎట్లు పెరుగును?

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రమునకు చెందిన జెరాల్డ్ పాటర్సన్ అను మనశ్శాస్త్రవేత్త ఈ విషయమున గొప్ప కృషి చేసినాడు. ఆయనయు, ఆయన సహచరులును దుడుకు బిడ్డలు గల యిండ్లకు పోయి, ఒక మూల కూర్చుండి, ఎవరు ఏమన్నదియు దానికి ఎవరు ఏమి చేసినదియు క్షణక్షణము వ్రాసికొనిరి. వారు కనుగొన్న విషయమును మన యింటి మాటలలో చెప్పెదము.

పదమూడేండ్ల కుమారుడు చేత ఫోను పట్టుకొని కూర్చుండియున్నాడు. తల్లి “ఇక చాలు నాయనా, ఫోను పెట్టి పుస్తకం తియ్యి” అనును. వాడు పలుకడు. ఆమె మరల చెప్పును; మూడవసారికి గొంతు హెచ్చును. “నీకేం పని లేదా? అవతలికి పో!” అని వాడరచును. “మీ నాన్నను రానీ, నీ సంగతి చెప్తా” అని ఆమె యనును. వాడు చేతికందిన గ్లాసును గోడకేసి కొట్టును. ఆమె బెదరియో విసిగియో “నీ ఇష్టం వచ్చినట్టు తగలడు” అని వంటింటిలోనికి పోవును. ఇల్లు నిమ్మళించును.

ఈ కొద్ది నిమిషములలో ఇరువురును ఒక్కొక్క పాఠము నేర్చిరి. గ్లాసు పగులగొట్టినచో అమ్మ ఊరకుండునని కొడుకు నేర్చెను. తాను తగ్గినచో గొడవ అణగునని తల్లి నేర్చెను. ఇరువురికిని ఆ క్షణమున ఉపశమనము కలిగినది గనుక ఇరువురును రేపు మరల ఇట్లే చేయుదురు. ఐతే రేపటి కలహము అరపుతో గాక గ్లాసుతోనే మొదలగును. సాయంకాలము తండ్రి వచ్చి నాలుగు దెబ్బలు వేసినప్పుడు కొడుకు అణగినచో, దెబ్బలు పనిచేయునని తండ్రి నేర్చును. బలముగలవాని మాటయే నెగ్గునని కొడుకు మరింత గట్టిగా నేర్చును. ఆ పాఠమును వాడు బడిలో తనకంటె చిన్నవారిపై ప్రయోగించును. దీనిని మనము బెదిరింపు బేరమని చెప్పవచ్చును. పాటర్సన్ దీనిని 1982లో ఒక గ్రంథముగా విశదీకరించినాడు.

మన సోదరీమణులు ముఖ్యముగా గమనింపవలసిన మాట యొకటి కలదు. లోకము తల్లిని “నీ పెంపకమే యిది” అని నిందించును. పాటర్సన్ యిండ్లలో చూచినది వేరు. ఆ బేరములో నిత్యము నష్టపోవునది తల్లియే. దినమంతయు బిడ్డతో గడపునది ఆమె, కసరులు తినునది ఆమె, తుదకు విసిగి నిస్పృహ చెందునది ఆమె. 1980లో ఆయన ఈ విషయమై వ్రాసిన గ్రంథమునకు “గుర్తింపునకు రాని బాధితులు తల్లులు” అను అర్థము వచ్చు పేరు పెట్టినాడు. ఈ చక్రమున చిక్కుకొన్న తల్లికి కావలసినది నింద కాదు, తోడు.

మేలని తోచి కీడు చేయునవి

భయపెట్టినచో బుద్ధి వచ్చునని మనవారే కాదు, అమెరికావారును తలచిరి. న్యూజెర్సీ రాష్ట్రమున రావే అను చోటి చెరసాలకు దారితప్పిన బాలురను తీసికొనిపోయి, యావజ్జీవ ఖైదీలచేత వారిని గద్దింపజేసిరి. దీనిని 1978లో చలనచిత్రముగా తీసి చూపగా దేశమంతయు మెచ్చుకొన్నది. అనేక రాష్ట్రములు అనుకరించినవి. తరువాత పరిశోధకులు ఇట్టి ప్రయత్నములను గూర్చి జరిగిన తొమ్మిది పరీక్షలను ఒకచోట చేర్చి 2002లో ప్రకటించిరి. చెరసాల చూచివచ్చిన బాలురు, ఏమియు చేయక విడిచిపెట్టిన బాలురకంటె ఎక్కువ నేరములు చేసిరని తేలినది!

ఇంకొక పరీక్ష మరింత ఆశ్చర్యము గొలుపును. మసాచుసెట్స్ రాష్ట్రమున కేంబ్రిడ్జి, సోమర్‌విల్ అను పట్టణములందు 1939 మొదలు 1945 వరకు 506 మంది బాలురను తీసికొని, సమానులైనవారిని జంటలుగా చేర్చి, ప్రతి జంటలోను ఒకనికి సలహాదారుల రాకపోకలు, చదువులో సాయము, వైద్యము, వేసవి శిబిరములు మొదలగు ఆదరణ కల్పించిరి. రెండవవానిని మామూలుగా విడిచిరి. ముప్పది యేండ్ల తరువాత జోన్ మెకార్డ్ అను పండితురాలు వారందరిని వెదకి 1978లో ఫలితములు ప్రకటించినది. ఆదరణ పొందినవారిలో మూడింట రెండువంతులమంది అది తమకు మేలు చేసినదనియే చెప్పిరి. కాని నేరము, ఆరోగ్యము మొదలగు పెక్కు లెక్కలలో వారి స్థితి రెండవవారికంటె మెరుగు కాకపోగా కొన్నింట హీనముగా నుండెను. అందును ఒకటికంటె ఎక్కువసార్లు వేసవి శిబిరములకు పోయినవారి గతి మరింత చెడ్డగా నున్నదని 1999లో ప్రకటితమైనది. దుడుకు పిల్లలను ఒకచోట గుంపుగా చేర్చినప్పుడు వారు ఒండొరుల దుష్కార్యములను విని నవ్వి మెచ్చుకొందురు. ఆ మెప్పుదలయే వారికి గురువగును. కొడుకును క్రమశిక్షణ పేరిట అట్టివారే చేరిన చోటికి పంపదలచిన తలిదండ్రులు ఈ సంగతి నొకసారి తలపోయవలెను.

ఇంటిని కలుపుకొన్న చికిత్స

స్కాట్ హెంగ్గెలర్ అను మనశ్శాస్త్రవేత్త అమెరికాలో ప్రచారము చేసిన “మల్టీసిస్టెమిక్ థెరపీ” అను పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణము. ఇందులో బాలుని వైద్యుని గదికి పిలిచి హితబోధ చేయుటతో సరిపుచ్చరు. చికిత్సకుడే యింటికి వచ్చును. ఒక్కొక్కరు ఒకేసారి నాలుగు మొదలు ఆరు కుటుంబములను మాత్రమే చేపట్టి, మూడు మొదలు ఐదు నెలలపాటు పనిచేయుదురు. ఆ కాలమందు అర్ధరాత్రి గొడవ జరిగినను కుటుంబమువారు సహాయము కోరవచ్చును. తలిదండ్రులకు ఏకాభిప్రాయము కల్పించుట, ఉపాధ్యాయులతో మాటలాడుట, చెడు సహవాసమునుండి మరల్చి ఆటలోనో పనిలోనో ప్రవేశపెట్టుట, తల్లికి చుట్టముల తోడు సమకూర్చుట, ఇవన్నియు చికిత్సలోనివే.

మిస్సోరీ రాష్ట్రమున 176 మంది నేరము చేసిన బాలబాలికలపై దీనిని పరీక్షించి 1995లో ఫలితములు ప్రకటించిరి. ఒంటరిగా కూర్చుండబెట్టి హితబోధ చేసినవారిలో నాలుగేండ్లలోపల నూటికి 71 మంది తిరిగి అరెస్టయిరి. ఇంటిని కలుపుకొని చికిత్స చేసినవారిలో నూటికి 26 మంది మాత్రమే. ఐతే దీనిని మంత్రమని భ్రమపడరాదు. ఇంగ్లండులో 684 కుటుంబములపై జరిపిన పరీక్షలో ఈ పద్ధతి, అచ్చట మామూలుగా దొరకు సహాయముకంటె మేలని తేలలేదు. ఆ ఫలితము 2018లో వెలువడినది. పద్ధతి పేరు ఏదైనను, ఇంటివారు కలిసి నిలుచుట, బడితో చేయి కలుపుట, సహవాసమును కనిపెట్టుట అను మూడింటిని విడిచి బిడ్డ నొక్కనినే బాగుచేయజూచుట కష్టమని మాత్రము చెప్పవచ్చును.

ఇంటిలో ఆచరింపదగినవి

ఇట్టి చికిత్సలలో తలిదండ్రులకు నేర్పు విషయములు సామాన్యముగా నిట్లుండును.

మొదటిది, కట్టుబాట్లు కొన్నియే యుండవలెను. ఎవరిని కొట్టరాదు, వస్తువులు పగులగొట్టరాదు, ఇన్ని గంటలకు ఇల్లు చేరవలెను. ఇట్టివి మూడో నాలుగో చాలును. అమ్మ కాదన్నది నాన్న, నాన్న కాదన్నది నాయనమ్మ ఇచ్చు యింటిలో ఏ కట్టుబాటును నిలువదు. కావున పెద్దలు ముందుగా తమలో తాము కూడబలుకుకొనవలెను.

రెండవది, వంటింటినుండి కేకవేసి పదిసార్లు చెప్పుటకంటె, దగ్గరకు పోయి, పేరుపెట్టి పిలిచి, మెల్లగా, తక్కువ మాటలలో ఒకసారి చెప్పుట మేలు. “ఎప్పుడు బాగుపడతావురా?” అనునది ఆజ్ఞ గాదు, ఎత్తిపొడుపు.

మూడవది, తప్పునకు ఫలము చిన్నదై, ముందుగా తెలిసినదై, తప్పక జరుగునదై యుండవలెను. ఆ సాయంకాలమునకు ఫోను ఇయ్యకుండుట, పగిలిన వస్తువు ఖరీదును చేతిఖర్చు డబ్బులో తగ్గించుట వంటివి చాలును. అన్నము మాన్పించుట, నలుగురిలో అవమానించుట, నెలల తరబడి మాటలాడకుండుట శిక్షలు గావు, పగలు.

నాలుగవది, మంచిని కనిపెట్టవలెను. దుడుకు బిడ్డ నిమ్మళముగా కూర్చున్నప్పుడు “ఎందుకు కదపాలి” అని ఎవరును పలుకరింపరు; అల్లరి చేసినప్పుడే ఇంటిల్లిపాదియు వానివైపు తిరుగుదురు. చెప్పినపని ఒక్కటి చేసినను, కోపము వచ్చినను చేయి చేసికొనక ఆగినను, “ఈ పూట ఓర్చుకున్నావు, సంతోషం” అని వెంటనే చెప్పవలెను.

ఐదవది, బిడ్డ ఎక్కడ, ఎవరితో, ఎప్పటివరకు ఉండునో తెలిసియుండవలెను. స్నేహితుల తలిదండ్రులతో పరిచయము చేసికొనుట గూఢచర్యము కాదు.

ఆరవది మిక్కిలి కఠినమైనది. బిడ్డ కోపమున ఊగిపోవునప్పుడు వాదింపరాదు. గొంతు తగ్గించి, చిన్నపిల్లలను అవతలికి పంపి, తానును కొంత దూరము తొలగవలెను. కాని చెప్పిన మాటను వెనుకకు తీసికొనరాదు. “ఇప్పుడు ఇద్దరం కోపంగా ఉన్నాం. భోజనాలయ్యాక మాట్లాడుదాం. ఫోను సంగతి మాత్రం మారదు” అని చెప్పి, చెప్పినట్లు భోజనానంతరము మాటలాడవలెను. తొలగుట వేరు, లొంగుట వేరు. బెదిరింపు బేరము తెగునది ఈ ఒక్క చోటనే.

మొదటి దినములలో బిడ్డ దుడుకుతనము తగ్గుటకు మారుగా హెచ్చవచ్చును. ఇంతకాలము నెగ్గిన ఉపాయము నెగ్గకున్నప్పుడు ఎవరైనను దానినే మరికొంత గట్టిగా ప్రయత్నింతురు గదా! ఆ దశలో భయపడి లొంగినచో పెద్ద గొడవకే ఫలము దక్కునని బిడ్డ నేర్చును. అట్టి దినములలో తల్లి ఒంటరిగా నుండరాదు. భర్తయో, అన్నదమ్ములలో ఒకరో, నమ్మదగిన పొరుగువారో తోడుండవలెను. ప్రాణభయము కలిగినచో పరువును జూచుకొనక గదిలోనుండి బయటికి వచ్చి 112కు ఫోను చేయవలెను.

తండ్రులకును ఒక మాట. భార్యపై చేయిచేసికొను పురుషుడు కొడుకునకు అహింస బోధింపజాలడు. కొడుకు చికిత్సలో తండ్రి మొదట మానవలసినది తన దెబ్బలనే. బడులలో పిల్లలను కొట్టుట, మానసికముగా హింసించుట 2009 నాటి విద్యాహక్కు చట్టముచే నిషిద్ధమైనది. బడిలో కూడని పని యింటిలో మాత్రము మేలెట్లగును?

మందులు, వైద్యులు

దుడుకుతనమును కుదుర్చు మాత్ర యేదైన కలదా యని తల్లులు అడుగుట సహజము. ప్రవర్తనా రుగ్మతకు మందులతో నిత్యచికిత్స తగదని ఇంగ్లండు వైద్యమార్గదర్శకులు 2013లో నిర్ణయించిరి. మిక్కిలి తీవ్రమైన కోపదౌర్జన్యములు ఇతర మార్గములచేత లొంగనప్పుడు రిస్పెరిడోన్ అను ఔషధమును నిపుణుల పర్యవేక్షణలో కొద్దికాలము వాడవచ్చునని చెప్పిరి. దానివలన బరువు పెరుగుట మొదలగు దోషములు కలుగును. కావున ఇరుగుపొరుగువారు చెప్పిన మాత్రలు బిడ్డకు తెలియకుండ పాలలో కలిపి యిచ్చుట అపాయకరము.

ఐనను వైద్యుని చూపుట అవసరమే. దుడుకుతనము వెనుక అవధానలోపము, అక్షరములు పట్టుబడని కష్టము, మనోవ్యాకులత, మత్తుపదార్థముల అలవాటు, ఎవరిచేతనో పడుచున్న బాధ దాగియుండవచ్చును. ఆ మూలమును కనుగొని చికిత్స చేసినచో కోపమును కొంత శమించును. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. బెంగుళూరు నిమ్‌హాన్సులో బాలబాలికల కొరకు ప్రత్యేక విభాగము కలదు. అంతదూరము పోలేనివారు 2022లో ప్రభుత్వము స్థాపించిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసి, రాత్రింబవళ్లు వెల లేకుండ, తెలుగులోనే సలహా పొందవచ్చును. ఆపదలోనున్న బాలల కొరకు 1098 సంఖ్య కలదు.

బయట చెప్పుకొన్నచో బిడ్డను చెరసాలకు పంపుదురని కొందరు తల్లులు భయపడుదురు. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బిడ్డ నేరము చేసినను పోలీసు లాకప్పులోగాని చెరసాలలోగాని ఉంచరాదు. బాలల న్యాయమండలి యెదుటనే ప్రవేశపెట్టవలెను. 16 ఏండ్లు దాటినవారు ఘోరనేరము చేసినప్పుడు మాత్రము మండలి పరీక్షించి పెద్దవారివలె విచారణకు పంపవచ్చును. కావున వ్యవహారము అంతవరకు రాకముందే సహాయము కోరుట వివేకము.

సోదరీమణులారా! మీ యింట ఇట్టి బాధ లేకపోవచ్చును. ఐనను మీ వీథిలో నొక తల్లి పగిలిన గ్లాసుముక్కలు మౌనముగా ఏరుకొనుచుండవచ్చును. ఆమె కనబడినప్పుడు పెంపకమునుగూర్చి ప్రశ్నింపకుడు. ఒక సాయంకాలము ఆమె యింట కూర్చుండి, “వైద్యుడి దగ్గరకు నేనూ వస్తాను, పద వదినా” అనుడు. చికిత్స చాలమారులు ఆ మాటతోనే మొదలగును.